అర మిల్లీమీటరు

శిక్షణ కేంద్రంలో ఆమెను అందరూ ఆకురాయక్క అని పిలిచేవారు. బ్యాంకులకూ గిడ్డంగులకూ కాపలా వెళ్ళే సిబ్బందికి పిస్టల్ కాల్చడం నేర్పే కేంద్రం అది. అక్కడి పిస్టళ్ళను విప్పి, తుడిచి, బాగుచేసి, గురి సరిచేసేది ఆమే. చేతిలో వేలెడు పొడవున్న సన్నటి ఆకురాయి ఎప్పుడూ ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళు మాత్రం అది ఆమె నోటిని బట్టి పెట్టిన పేరనుకునేవారు. నాలుగు రోజులు పోయాక, అలా అనుకున్నా తప్పు లేదనేవారు.

నిజానికి ఆమె అక్కడికి వచ్చింది బాగుచెయ్యడానికి కాదు, కాల్చడానికి. చేరిన కొత్తలో రెండేళ్ళపాటు పోటీ జట్టులోకి వెళ్ళాలని ప్రాణం పెట్టి సాధన చేసింది. నేర్పే మాస్టారు రెండేళ్ళూ ఓపిగ్గా చూసి, ఒకరోజు ఆమె కాల్చిన కాగితం మడిచి చేతికిచ్చాడు.

"చెయ్యి మంచిదే, కన్నూ మంచిదే. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవట్లేదమ్మా," అన్నాడు. మర్నాడు ఆమెను పనిబల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

బల్ల దగ్గర ఆమెకు సాటి లేదు. కేంద్రంలో ఉన్న నలభై రెండు పిస్టళ్ళలో ఏది ఎటు లాగుతుందో, దేని స్ప్రింగు ఎప్పుడు మార్చిందో పుస్తకం తెరవకుండా చెప్పేది. అయితే ఇన్నేళ్ళలోనూ మాస్టారి నోట "బాగుంది" అన్న ముక్క ఆమె వినలేదు. పని నచ్చకపోతే పది మాటలు అనేవాడు. నచ్చితే పిస్టల్ తీసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ వెళ్ళిపోవడాన్నే మెప్పుగా లెక్కేసుకుంటూ ఆమె పద్నాలుగేళ్ళు గడిపింది.

అప్పుడు తోడికోడలు వచ్చింది.

మరిది పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. చిన్నకోడలు బక్కపల్చటి మనిషి, నడిస్తే గెంతినట్టుండేది, అందుకని ఇంట్లో అందరికీ పిచ్చుక అయిపోయింది. అంతకుముందు పార్శిల్ ఆఫీసులో మూటలు వేరుచేసే పని చేసేది. కేంద్రంలో ఖాళీలున్నాయని చెప్పింది ఆకురాయక్కే. దరఖాస్తు నింపిపెట్టింది కూడా ఆమే. ఎంపిక రోజున తన నల్ల బూట్లు ఇచ్చి, కొంచెం వదులైతే ముందు భాగంలో కాగితం ముద్దలు కుక్కి మరీ పంపింది.

మొదటిసారి కాల్చిన రోజున పిచ్చుకకు ఐదు గుళ్ళు ఇచ్చారు. ఐదూ టీ కప్పు అడుగున పట్టేంత చోటులో పడ్డాయి. మాస్టారు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"బాగుంది," అన్నాడు.

పనిగది కిటికీ కాల్పుల వరసకు సరిగ్గా వెనకే ఉంటుంది. ఆ మాట ఆకురాయక్క చెవిన స్పష్టంగా పడింది. చేతిలో ఉన్న గుడ్డతో అప్పటికే తుడిచిన గొట్టాన్ని మళ్ళీ తుడిచింది.

అక్కడితో పోతే బాగుండేది. ఇంట్లోనూ అదే పాట మొదలైంది. అత్తగారు వీధి వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చిన్నకోడలి గొప్ప చెప్పేది.

"మా చిన్నది గురి పెట్టిందంటే ఈగ కూడా వీలునామా రాసుకోవాల్సిందే," అనేది.

"మరి పెద్దకోడలు కూడా అక్కడేగా?" అని ఎవరైనా అడిగితే, "అది రిపేర్లు చేస్తుందిలే," అనేది.

ఆ మాటలో చెడు ఉద్దేశమేమీ లేదు. అత్తగారు కూర్చున్న కుర్చీ కాలు బిగించింది పెద్దకోడలే. కుక్కరు పిడి, కుట్టుమిషను పట్టా, వంటింటి కుళాయి, గేటు గడియ, అన్నీ ఆమె చేతి మీదుగా నడుస్తున్నవే. నడుస్తున్నవాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. అదివరకు ఆమెకూ అది పెద్ద విషయంగా తోచలేదు. ఇప్పుడు మాత్రం "రిపేర్లు" అన్న మాట వినపడ్డప్పుడల్లా గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టయ్యేది.

ఆ ఏడాది చివర కాపలా సంస్థలన్నిటికీ కలిపి పిస్టల్ పోటీలు పెట్టారు. సంస్థకు నలుగురు. మాస్టారు రాసిన నలుగురిలో పిచ్చుక పేరు మొదటిది. ఆమెకు పదిహేడో నంబరు పిస్టల్ ఇచ్చారు. పాత శిక్షకుడొకాయన వాడి, ఉద్యోగ విరమణ చేశాక రెండేళ్ళు బీరువాలో పడున్నది అది.

దానితో మొదటిరోజు సాధన కాగానే పిచ్చుక కాగితం పట్టుకుని పనిగదికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఇది ఎడమకి కొడుతోంది చూడు. నల్ల గుండ్రం మధ్యలో పెట్టి కాలిస్తే ఇక్కడ పడుతున్నాయి."

ఆకురాయక్క కాగితం బల్ల మీద పరిచింది. పది చిల్లులు. నడిబొడ్డుకు నాలుగు వేళ్ళు ఎడమగా, రెండు వేళ్ళు కిందగా, పదీ ఒకేచోట తేనెపట్టులా గుమిగూడి ఉన్నాయి.

ఆ కాగితం చదవడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు. తప్పు చేతిదైతే చిల్లులు చల్లిన గింజల్లా చెదురుతాయి. వేలు ఒకసారి ఎక్కువ లాగుతుంది, ఒకసారి తక్కువ లాగుతుంది. పదీ ఒకేచోట పడ్డాయంటే చెయ్యి పదిసార్లూ ఒక్కలాగే పనిచేసిందన్నమాట. తప్పు తుపాకీది. పిస్టల్ మీద గురి చూడటానికి రెండు ముక్కలుంటాయి. వెనక గాడి ఉన్న చిన్న పలక, ముందు నిలబెట్టిన మొన. వెనక పలకను గుళ్ళు ఎటు జరగాలో అటే జరపాలి. ముందు మొనను కాస్త రాస్తే గుళ్ళు పైకి లేస్తాయి. దీనికి వెనక పలక అర మిల్లీమీటరు కుడికి జరగాలి, ముందు మొన పావు మిల్లీమీటరు తగ్గాలి. అరగంట పని.

"తుపాకీ కాదు," అంది ఆకురాయక్క. "నీ వేలు."

ఆ మాట అనాలని ఆమె ముందుగా అనుకోలేదు. నోటి చివర కాచుకుని ఉన్నట్టు వచ్చేసింది. వచ్చాక ఆగలేదు.

"కుడిచేత్తో కాల్చేవాళ్ళు ట్రిగ్గర్ గభాలున లాగితే మొన కిందికీ ఎడమకీ వంగుతుంది. ఎవర్నడిగినా చెప్తారు. ఇన్నాళ్ళూ దగ్గర్నుంచి కాల్చావు కాబట్టి తెలియలేదు. ఇప్పుడు పాతిక మీటర్లు. దూరం పెరిగితే తప్పు బయటపడుతుంది."

అందులో ఒక్కొక్క వాక్యం తీసి చూస్తే అన్నీ నిజాలే. ఈ కాగితానికే అవి వర్తించవు.

"అవునా," అంది పిచ్చుక. తన చూపుడు వేలిని తిప్పి తిప్పి చూసుకుంది.

ఇంతలో మాస్టారు లోపలికి వచ్చాడు. ఆ మధ్యే ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు పట్టాయి. పాతిక మీటర్ల దూరంలో కాగితం ఉందో లేదో కనిపిస్తుంది గానీ, చిల్లులు చేతిలో పెట్టినా మసకగానే ఉంటాయి. తాను కాల్చి చూడటం మానేసి ఆరు నెలలైంది.

"ఇసుక సంచి మీద పెట్టి, చెయ్యి కదలకుండా కాల్చి చూశావా?" అని ఆకురాయక్కను అడిగాడు.

"చూశానండి. సరిగ్గా ఉంది."

ఆయన పిచ్చుక వైపు తిరిగాడు.

"అయితే ఇక తుపాకీ మాట ఎత్తకమ్మా. ఈ కేంద్రంలో నా కళ్ళని నేనే నమ్మట్లేదు. ఆకురాయి చేతిని నమ్ముతున్నాను. అది సరిగ్గా ఉందంటే ఉన్నట్టే."

పద్నాలుగేళ్ళుగా ఏ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుందో, ఆ మాట వచ్చి ఆమె ఒళ్ళో పడింది. సంతోషించడానికి వీల్లేకుండా పడింది. మాస్టారు పరీక్షల పుస్తకం ముందుకు జరిపితే, పదిహేడో నంబరు ఎదురుగా "పరీక్షించాను, సరిగ్గా ఉంది" అని రాసి సంతకం పెట్టింది.

ఆ తర్వాత నలభై రోజులు పిచ్చుక తన వేలితో యుద్ధం చేసింది.

కేంద్రంలో గంటల తరబడి ఉత్త పిస్టల్ పట్టుకుని గోడ మీది చుక్కను చూస్తూ ట్రిగ్గర్ నొక్కేది. ఇంట్లో పొద్దున్నే లేచి, ఇస్త్రీపెట్టెను చాచిన చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. ఆకురాయక్క స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ ఉండేది.

"అక్కా, మణికట్టు కదులుతోందా చూడు."

"కొంచెం."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ కొంచెం."

చెయ్యి రాయిలా ఉండేది. అసలేం కదిలేది కాదు.

రెండో వారానికి చిల్లులు చెదరడం మొదలైంది. లేని తప్పును దిద్దబోతే ఉన్న ఒడుపు పోయింది. ఒక గుండు పైన, ఒకటి పక్కన, ఒకటి కాగితం అంచున. ఆ కాగితాలు పనిబల్ల మీదికి వచ్చిన ప్రతిసారీ ఆకురాయక్కకు లోపల చల్లగా ఏదో పాకేది. పిచ్చుక కూడా మనిషేనన్న మాట అనుకునేది. ఇంట్లో అత్తగారు ఈగ సంగతి చెప్పడం తగ్గించింది. మరిది ఒకరోజు అన్నం దగ్గర, "మన ఊరపిచ్చుకకి ఈమధ్య చూపు ఆనట్టు లేదే," అని నవ్వాడు. పిచ్చుక కంచంలోకి చూసింది. ఆకురాయక్క ఆ పూట మారు వడ్డించుకుంది.

"ఏంటీ, ఈమధ్య మంచి హుషారు మీదున్నావు," అన్నాడు భర్త. "పాటలు కూడా పాడుతున్నావు."

తాను పాడుతున్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆపేసింది.

ఆరో వారంలో వింత జరిగింది. పిచ్చుక చిల్లుల్లో కొన్ని నల్ల గుండ్రంలోకి రాసాగాయి. వంకర తుపాకీకి సరిపోయేలా ఆమె చెయ్యి తనకు తెలియకుండానే వంకర తిరగడం నేర్చుకుంది. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మణికట్టు ఒక వెంట్రుకవాసి కుడికి, పైకి మెలిపడేది. పదింటిలో నాలుగు లోపల పడేవి, మిగతావి దేశం మీద పడేవి. కానీ ఆ నాలుగింటిని చూసుకుని పిచ్చుక మురిసిపోయింది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అంది:

"నువ్వు లేకపోతే నా తప్పు నాకు తెలిసేదే కాదు అక్కా. మొదట్లో తగిలినవన్నీ అదృష్టమేనేమో. ఇప్పుడు వస్తున్నదే అసలు విద్య."

ఆకురాయక్క తుడుస్తున్న గిన్నెను పక్కన పెట్టింది. తలనొప్పిగా ఉందని చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. తిట్లు తట్టుకోగలదు, కృతజ్ఞత తట్టుకోలేకపోయింది.

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ ఆమె పదిహేడో నంబరు తీసింది. ఇసుక సంచి మీద ఆన్చి ఐదు గుళ్ళు కాల్చింది. నలభై రోజుల క్రితం చూసిన చోటే, నాలుగు వేళ్ళు ఎడమగా, రెండు వేళ్ళు కిందగా పడ్డాయి. పిస్టల్ పైభాగం విప్పి, తోలు ముక్కల మధ్య పెట్టి బల్లకున్న వైసు ఇనుప దవడల్లో బిగించింది. వెనక పలక ఎక్కడుందో సన్నటి పెన్సిలు గీత గీసింది. ఇత్తడి కడ్డీని పలక ఎడమ పక్కన ఆన్చి, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసింది. కదల్లేదు. మూడో దెబ్బకు కదిలింది. కొలిచి చూస్తే అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. ఇంకో చిన్న దెబ్బ వేసింది. తర్వాత ముందు మొన. రాసేటప్పుడు ఆమె ఎప్పుడూ ఊపిరి బిగబట్టేది, తగ్గించగలం గానీ మళ్ళీ పెంచలేం కాబట్టి. నాలుగు రాపిళ్ళు, కొలత, మూడు రాపిళ్ళు, కొలత. తెల్లగా మెరుస్తున్న ఇనుము మీద నల్లరంగు పూసింది. మళ్ళీ బిగించి సంచి మీద పెట్టి ఐదు గుళ్ళు కాల్చింది. నల్ల గుండ్రం నడిబొడ్డున ఒక్క చిల్లులా పడ్డాయి.

అబ్బ, అనుకుంది. అయిపోయింది. ఎవరికీ తెలియక్కర్లేదు. రేపటినుంచి పిచ్చుక గుళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. రజను ఊదేసి, గుడ్డతో బల్ల తుడిచి, ఆ పూట చాలా రోజుల తర్వాత ఆకలితో తింది.

మర్నాడు పొద్దున పిచ్చుక పది గుళ్ళు కాల్చింది. ఒక్కటీ నల్లటి భాగంలో పడలేదు. అన్నీ కుడికి, పైకి. మూడు కాగితం దాటి వెనక చెక్కలో దిగాయి.

పిచ్చుక కాగితం తెప్పించుకుని చూసింది. ఇంకో పది కాల్చింది. మళ్ళీ అంతే. పిస్టల్ ఖాళీచేసి, ఖాళీ అయిందని పద్ధతి ప్రకారం చూపించి, బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే కిటికీ వెనకనున్న మనిషికి తేలిగ్గా ఉండేది. చెవి మూతలు తీసి మెళ్ళో వేసుకుని నేరుగా మాస్టారి దగ్గరికి నడిచింది.

"నన్ను జట్టులోంచి తీసెయ్యండి సార్. నిన్నటిదాకా ఎడమకి పోయేవి, ఇవాళ కుడికి పోతున్నాయి. నా చెయ్యి నాకే అర్థం కావట్లేదు. నాకు రాదు."

మాస్టారు ఆమెను నీడలో కూర్చోమన్నాడు. తర్వాత పనిగది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. రేపటికల్లా ఆ అమ్మాయి బదులు ఇంకో పేరు పంపాలి. నువ్వు కాలుస్తావా, ఆకురాయీ? గొప్పగా కాకపోయినా నిలకడగా కాలుస్తావు."

ఆమె చేతిలోని ఆకురాయి కింద పెట్టింది. "సాయంత్రం చెప్తానండి," అంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఏం చేసిందో ఆమెకే తెలుసు. జట్టు చొక్కా తొడుక్కుని వరసలో నిలబడ్డట్టు ఊహించుకుంది. అత్తగారు వరండాలో తన పేరు చెప్తున్నట్టు ఊహించుకుంది. అంతా చక్కగా కళ్ళముందు నిలిచింది. ఎవరూ ఆమెను అనుమానించలేదు, ఎప్పటికీ అనుమానించరు కూడా. ఒక్కటే అడ్డు. ఆ బొమ్మలో ఎక్కడ చూసినా పిచ్చుక ఇస్త్రీపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నాలుగింటికి ఆమె లేచి కాల్పుల వరస దగ్గరికి వెళ్ళింది. పిచ్చుక చీపురుతో ఖాళీ తూటాలు ఊడ్చి డబ్బాలో పోస్తోంది.

"నీకొకటి చెప్పాలి," అంది ఆకురాయక్క.

"చెప్పు అక్కా."

"మొదటిరోజు నువ్వు తెచ్చిన కాగితం. అందులో తప్పు నీది కాదు. తుపాకీది. నాకు అప్పుడే తెలుసు."

పిచ్చుక చీపురు ఆపింది.

"నిన్న మధ్యాహ్నం దాన్ని సరిచేశాను. నీకు చెప్పకుండా. ఇప్పుడది సరిగ్గా ఉంది. నీ చెయ్యి పాత వంకరకి అలవాటు పడింది కాబట్టి ఇవాళ కుడికి పోయాయి. నీకు రాకపోవడం కాదు."

ఊడ్చిన తూటాలు ఇంకా నేల మీద దొర్లుతున్నాయి. అవి ఆగేదాకా పిచ్చుక వాటినే చూసింది.

"ఎంత జరిపావు?"

"వెనకది అర మిల్లీమీటరు. ముందు మొన పావు రాశాను."

"అర మిల్లీమీటరు." పిచ్చుక బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, ఆ సందులోకి చూసింది. "నలభై రోజులు నేను నా చెయ్యి నరుక్కోవాలన్నంత తిట్టుకున్నది దీనికా?"

ఆకురాయక్క వంగి కాలి దగ్గరున్న తూటా ఒకటి ఏరి డబ్బాలో వేసింది.

"ఎందుకు?"

"నీ గురి చూసి మాస్టారు బాగుందన్నారు. మొదటిరోజే."

"అంతేనా?"

"అత్తయ్య అనేవీ ఉన్నాయి. కానీ అసలు అదే."

పిచ్చుక మొహంలో కోపం కనిపించడానికి కొంత సమయం పట్టింది. మొదట నమ్మలేనట్టు చూసింది.

"కదులుతోందా అని అడిగితే కొంచెం అన్నావు. టీ తాగుతూ అన్నావు. నేను తెల్లారకముందే లేచేదాన్ని అక్కా. భుజం పట్టేసి పడుకోలేకపోతే నువ్వే మందు రాశావు." చీపురు గోడకు ఆనించింది. "మాస్టారికి నువ్వే చెప్పు. నేను చెప్తే నింద వేసినట్టుంటుంది."

ఆకురాయక్క వెళ్ళి చెప్పింది. మాస్టారు వింటున్నంతసేపూ కళ్ళజోడు చేతిలోనే పట్టుకున్నాడు. అంతా అయ్యాక పుస్తకం తీసి, పదిహేడో నంబరు దగ్గర ఆమె పెట్టిన సంతకం మీద ఒక అడ్డగీత గీశాడు.

"నిజానికి నిన్ను ఇవాళే పంపించెయ్యాలి," అన్నాడు. "పంపిస్తే మిగతా నలభై ఒక్కటీ ఎవరు చూస్తారు? అందుకని ఉంచుతున్నాను. మంచిదానివని కాదు."

"తెలుసండి."

"రేపటినుంచి ప్రతి పరీక్షకీ నీ సంతకం కింద ఇంకొకరి సంతకం ఉండాలి. ఆ అమ్మాయినే పెట్టమంటాను. ఆ చేతిని పాడుచేసింది నువ్వే కాబట్టి బాగుచేసేదీ నువ్వే. జట్టులో పేరు మార్చను."

అంతకంటే పెద్ద శిక్ష ఆయన ఆలోచించినా దొరికేది కాదు. ఆ బల్ల మీద పద్నాలుగేళ్ళుగా ఒక్క సంతకమే ఉండేది.

తుపాకీని సరిచెయ్యడానికి అరగంట చాలింది. చేతికి పదిహేను రోజులు పట్టింది. దానికి ఒక పద్ధతి ఉంది. పిస్టల్లో నిజమైన తూటాల మధ్య అక్కడక్కడా ఉత్తుత్తి తూటాలు కలిపి నింపి ఇవ్వాలి. ఏది ఏదో కాల్చేవాళ్ళకు తెలియకూడదు. పేలుతుందనుకుని నొక్కినప్పుడు పేలకపోతే, చెయ్యి ఎటు మెలిపడుతోందో కళ్ళారా కనిపిస్తుంది. అలా చూసి చూసి ఆ మెలిక మానాలి.

అంటే ఆకురాయక్క నింపాలి, చెప్పకూడదు. పిచ్చుక ఆ చేతుల్లోంచే తీసుకుని, లోపలేముందో తెలియకుండా కాల్చాలి. మొదటిరోజు పిస్టల్ అందుకునేటప్పుడు పిచ్చుక ఒక క్షణం ఆగి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు తట్టుకుని నిలబడటమే ఆకురాయక్క ఆ రోజు చేసిన అన్నిటికంటే కష్టమైన పని.

టప్. పేలలేదు. మొన కుడికి మెలిపడింది.

"కదిలింది," అంది ఆకురాయక్క.

"ఎంత?"

"చాలా."

"నిజంగానా?"

"నిజంగా."

వాళ్ళిద్దరి మధ్య మాటలు అంతవరకే. ఇంట్లో అవి కూడా లేవు. మూడోరోజుకు అత్తగారికి అనుమానం వచ్చింది.

"ఏమే, ఇద్దరూ ఒకే బస్సు దిగుతారు, సరిహద్దుకి అటొకరు ఇటొకరు ఉన్నట్టు నడిచొస్తారు. ఏమైంది?"

"పోటీ దగ్గరపడింది కదా అత్తయ్యా, ఏకాగ్రత," అంది పిచ్చుక. ఆ అబద్ధం తన కోసం చెప్పిందో, తోడికోడలి పరువు కోసం చెప్పిందో ఆకురాయక్కకు తెలియలేదు. అడిగే మొహం లేదు.

పన్నెండో రోజున ఉత్తుత్తి తూటా మీద ట్రిగ్గర్ పడినప్పుడు మొన కదల్లేదు. పదిహేనో రోజున కాగితం మీద మళ్ళీ తేనెపట్టు కనిపించింది. నడిబొడ్డున కనిపించింది. ఆకురాయక్క దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, పాత మంట అదే చోట, అంతే వేడిగా రగిలింది. చేసిన తప్పు ఒప్పుకుంటే అది పోతుందని ఆమె ఎందుకో అనుకుంది. పోలేదు. కాగితాన్ని పిచ్చుకకు ఇచ్చి, "నడుమ పడుతున్నాయి. తుపాకీ ముట్టుకోను," అని మాత్రం చెప్పింది. పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టారు.

పోటీ రోజున ఆకురాయక్క పనిముట్ల పెట్టెతో కాల్పుల వరస వెనక కూర్చుంది. మనిషికి ముప్ఫై గుళ్ళు. దుర్భిణి లోంచి పిచ్చుక గుళ్ళన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. పిచ్చుక తొలి ఐదూ చక్కగా వేసింది. ఆరోది జారింది. తర్వాత కుదురుకుంది. చివర్లో పక్క వరసలో ఎవరిదో పిస్టల్ ఇరుక్కుని గొడవైతే చెదిరి, ఇంకో రెండు పోగొట్టుకుంది. మొత్తం మీద ఐదో స్థానం. జట్టుకు మూడోది.

ఫలితాలు చదివాక మరో సంస్థ అమ్మాయి ఒకతె వచ్చి, పిచ్చుక పిస్టల్ను చేతిలోకి తీసుకుని చూసింది.

"గురి భలే పెట్టారే దీనికి. ఎవరు చేశారు?"

"మా తోడికోడలు," అంది పిచ్చుక. మెచ్చుకోలుగా అనలేదు, తప్పించుకునీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో మిగతావాళ్ళు ముందు సీట్లలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మాస్టారు కునుకు తీస్తున్నాడు. వెనక సీటులో పనిముట్ల పెట్టె పక్కన ఆకురాయక్క ఒక్కతే ఉంది. కాసేపటికి పిచ్చుక వచ్చి పెట్టెకు అవతల పక్కన కూర్చుంది. అక్కడ కాళ్ళు చాపుకోవడానికి చోటు ఎక్కువ.

చాలా దూరం వెళ్ళాక ఆకురాయక్క కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"ఆరో గుండు తప్పాలని అనుకున్నాను."

పిచ్చుక తల తిప్పింది. "తప్పింది కదా."

"తప్పింది."

"సంతోషం వేసిందా?"

"వేసింది. కాసేపు. తర్వాత తొమ్మిదోది తప్పకూడదని గట్టిగా అనుకున్నాను."

పిచ్చుక ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

"మొత్తం ఎన్నింటికి తప్పాలనుకున్నావు?"

"నాలుగింటికి."

"ముప్ఫైలో నాలుగు," అంది పిచ్చుక. బూట్ల లేసులు వదులు చేసుకుంది. "నేను పోగొట్టింది మూడే. ఒకటి నీకు బాకీ."

అది వేళాకోళమో, దెప్పిపొడుపో ఆకురాయక్కకు అంతుపట్టలేదు. పిచ్చుక నవ్వలేదు. ముందు సీటు వాళ్ళు వెనక్కి అందించిన బిస్కెట్ల పొట్లం విప్పి, రెండు తాను తీసుకుని, మిగతావి పెట్టె మీద పెట్టింది. వ్యాను మలుపు తిరిగినప్పుడు పొట్లం జారబోతే ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ఆకురాయక్క పట్టుకుంది. ఒకటి తీసుకుని తింటూ, వచ్చే ఏడాదికి పిస్టల్ ముందు మొన కొత్తది వేస్తే ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది. పిచ్చుక కళ్ళు మూసుకునే వింది. మధ్యలో ఒకసారి, "వెయ్యి. కానీ వేసేటప్పుడు నేను పక్కనుంటాను," అంది.